వానగదితో సహా ఇల్లు అమ్మబడును

పొద్దున్నే లేవగానే ఆవిడ చేసే మొదటి పని వెనక గది తలుపు తీసి, లోపల వాన పడిందో లేదో చూడడం. పడి ఉంటే చీపురుతో నీళ్ళు తూములోకి తోసేది. పడకపోతే గోడల చెమ్మ పాత గుడ్డతో ఒత్తేది. ఆ తర్వాత పాలు కాచి, భర్తకి మందులిచ్చి, తెల్ల కోటు మడిచి సంచిలో పెట్టుకుని, రక్తపరీక్షల ల్యాబుకి బస్సెక్కేది. అక్కడ ఆవిడ ఉద్యోగం రక్తం తీయడం. చంటిపిల్లలు కూడా కెవ్వుమనకుండా నరం పట్టుకునేది కనక వీధి వీధంతా ఆవిణ్ణి సూదమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

వాన గురించి దాపరికమేమీ లేదు. ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని ముందే చెప్పాడు. "వెనక గదిలో అప్పుడప్పుడు వాన పడుతుందండీ. అందులో పరుపులవీ వేసుకోకండి. మిగతా ఇల్లంతా బంగారం." నిజంగానే బంగారం. పైకప్పు ఎప్పుడూ పొడిగానే ఉండేది. దానికి జానెడు కింద నించి చినుకులు మొదలయ్యేవి. కొందరిళ్ళలో చెదలుంటాయి, కొందరిళ్ళలో ఎలుకలుంటాయి, వీళ్ళింట్లో వాన. కుళాయి రాని రోజుల్లో ఇరుగుపొరుగు బకెట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. "ఇవాళ మీ గదిలో పడుతోందా వదినా?" అని గుమ్మంలోంచే అడిగి, పడుతుంటే నింపుకుపోయేవాళ్ళు.

ఆవిడ భర్త బేకరీలో పొయ్యి దగ్గర పని చేసేవాడు. సాయంత్రం నెత్తి నించి కాళ్ళదాకా మైదాతో తెల్లగా ఇంటికొచ్చి, చెప్పులు విడిచి నేరుగా ఆ గదిలోకి వెళ్ళి వానలో నిలబడేవాడు. తూములోంచి తెల్లటి నీళ్ళు పోయేవి. "తడిస్తే గానీ మా ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు" అని ఆవిడ నవ్వేది.

పైన పడ్డ పిండిని వాన కడిగేసింది గానీ లోపలికి పోయిన పిండిని కడగలేకపోయింది. ముందు దగ్గు వచ్చింది, తర్వాత ఆయాసం. ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫొటో వెలుతురుకి పట్టి చూసి, "ఊపిరితిత్తులు అరిగిపోయాయి. ఇతను పొడిగా ఉండే ఇంట్లో ఉండాలి. మీ ఇల్లెలా ఉంటుంది?" అన్నాడు.

"వెనక గదిలో వాన పడుతుందండీ."

"అయితే ఇల్లు మారండి. ఆ చెమ్మలో నేనెన్ని మందులిచ్చినా బూడిదలో పోసిన పన్నీరే."

ఆవిడ సెలవు పెట్టి ఊరంతా తిరిగింది. ఆస్పత్రి వెనక సందులో ఒక ఫ్లాటు దొరికింది. చిన్నదే, రెండు గదులు. కానీ మెట్లెక్కే పని లేదు, పెద్ద కిటికీ నిండా ఎండ, గోడలు పెంకులా పొడిగా ఉన్నాయి. దాని యజమాని రిటైరైన టీచరమ్మ, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. సంగతి విని, "వానాకాలం వచ్చేదాకా ఇంకెవరికీ ఇవ్వను. మీ ఇల్లు అమ్ముకుని రండి తల్లీ" అంది. ఆ రోజు ఇంటికొస్తూ సూదమ్మ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినందుకు కూడా సంతోషించింది.

ఇల్లమ్మడానికి ఒక ఏజెంటు కావాలి. సెల్‌ఫోన్ల దుకాణం మీద మేడమీద ఒకతని ఆఫీసు ఉండేది. ఏ మాట చెప్పినా చివర "ఖాయం" అని ముద్ర వేసేవాడు కనక అందరూ అతన్ని ఖాయం అనే పిలిచేవాళ్ళు. గాజుబల్ల, మెత్తటి సోఫా, గోడ నిండా నవ్వుతున్న కుటుంబాల ఫొటోలు.

"నెల తిరక్కుండా అమ్మేస్తానక్కా. ఖాయం. అసలెందుకమ్ముతున్నారు?"

అక్కా అన్నాడు కదా అని ఆవిడ అంతా చెప్పింది. దగ్గు, డాక్టరు మాట, ఆస్పత్రి వెనక ఫ్లాటు, టీచరమ్మ గడువు, ఆ సందుకి ఏ మూల తిరగాలో కూడా. డాక్టరు దగ్గరా ఏజెంటు దగ్గరా దాచకూడదని ఆవిడ నమ్మకం. అతను చాలా శ్రద్ధగా విన్నాడు. ఆ ఒక్కసారే అంత శ్రద్ధగా విన్నాడని ఆవిడకి తర్వాత అనిపించింది. చివర్లో ఒప్పందం కాగితం జరిపాడు. సంవత్సరంపాటు అతను తప్ప ఇంకెవరూ, ఆఖరికి ఆవిడ కూడా, ఆ ఇల్లు అమ్మడానికి లేదు.

"చదివే సంతకం పెట్టావా?" అనడిగాడు భర్త.

"అక్కా అని పిలిచాడండీ."

"మా బేకరీ యజమాని నన్ను తమ్ముడూ అనేవాడు. పిండి తమ్ముడు తిన్నాడు, లాభం అన్న తిన్నాడు."

ఖాయం పనితనం మొదటి వారంలోనే తెలిసింది. 'అమ్మబడును' బోర్డు పక్కింటి గేటుకి కట్టించాడు. పక్కింటాయన పళ్ళు తోముకుంటూ వచ్చి, "మా ఇల్లెప్పుడు అమ్మకానికి పెట్టారమ్మా మీరు?" అని అడిగి వెళ్ళాడు. ఆవిడే ఆ బోర్డు విప్పి తెచ్చి తన గేటుకి కట్టుకుంది. పత్రికలో వేసిన ఫొటో ఏ ఇంటిదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఫోన్ చేస్తే, "మీటింగులో ఉన్నానక్కా, నేనే చేస్తాను." చేసేవాడు కాదు. ఒకసారి ఆఫీసుకే వెళ్తే గుమస్తా, "సార్ ఊళ్ళో లేరండీ" అన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి ఫోన్ చేసింది. లోపలి గదిలో అది మోగింది. గుమస్తా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఎట్టకేలకి ఒక జంటని తీసుకొచ్చాడు. కొత్త దంపతులు, ఆ అమ్మాయికి ఐదో నెల. ముందు గదీ, వంటిల్లూ వాళ్ళకి నచ్చాయి. వెనక గదికి ఖాయం ముందుగానే తాళం వేసి ఉంచాడు.

"ఇది సామాన్ల గది. తాళంచెవి ఎక్కడో పోయింది."

తలుపు వెనక చినుకులు జోరందుకున్నాయి. ఆ అబ్బాయి చెవి ఒగ్గి, "ఏదో కారుతున్నట్టుందే?" అన్నాడు.

"పక్కింట్లో టీవీ."

సూదమ్మ ఇంక ఆగలేకపోయింది. "టీవీ కాదు నాయనా, వాన. ఆ గదిలో పడుతుంటుంది."

"ఓ, వానా!" అంది ఆ అమ్మాయి తేలిగ్గా. "మా అమ్మమ్మ వాళ్ళ వంటింట్లో కూడా పడేది. అక్కడ మొక్కలు పెట్టుకోవచ్చు." ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని, ఇల్లు తీసుకుంటామనీ, ఏజెంటుగారితో మాట్లాడతామనీ చెప్పి వెళ్ళారు. గుమ్మం దిగుతూ ఖాయం, "మీరు మధ్యలో మాట్లాడకండక్కా, బేరం చెడుతుంది" అని విసుక్కున్నాడు.

ఆ జంట మళ్ళీ రాలేదు. అడిగితే, "మనసు మార్చుకున్నారు" అన్నాడు. ఇంకొకళ్ళని తెమ్మంటే, "మార్కెట్ పడిపోయింది" అన్నాడు. ఎండాకాలం అలా కరిగిపోయింది. వెనక గది తలుపు కింద గుడ్డలు కుక్కినా చెమ్మ గోడల వెంట పాకి ముందు గదిలోకి వచ్చేసింది. భర్త రాత్రిళ్ళు పడుకోవడం మానేసి, దిళ్ళకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఒకరోజు ఆవిడ డ్యూటీ నించి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వెనక గదిలో స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని, వానలో కూర్చుని ఉన్నాడాయన.

"మీకు మతి పోయిందా!"

"అరవకే. ఇక్కడ కాసేపు మనిషిలా ఉంది."

ఆవిడ తిడుతూనే తల తుడిచింది. ఏడుస్తూనే పొడిబట్టలు తొడిగింది.

వానాకాలం ఇంకా మొదలవలేదనగా, ఆ అమ్మాయే, ఇప్పుడు నెలలు నిండి, ల్యాబుకి రక్తపరీక్షకి వచ్చింది. సూదమ్మని చూసి మొహం చాటంత చేసుకుంది. "మీరా ఆంటీ! మీ ఇల్లు పోగొట్టుకున్నందుకు ఎంత బాధపడ్డామో. మేము అడిగేసరికే అమ్ముడుపోయిందట కదా. ఏజెంటుగారు చెప్పారు."

సూదమ్మ చేతిలో సూది అప్పటికే నరంలో ఉంది. రక్తం సీసాలోకి నిండనిచ్చి, దూది పెట్టి, మోచెయ్యి మడిపించి, అప్పుడు పక్కగదిలోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత ల్యాబు పెద్దాయనకి చెప్పి, కోటు కూడా విప్పకుండా ఆస్పత్రి వెనక సందుకి పరుగెత్తింది.

టీచరమ్మ అట్టపెట్టెలకి తాళ్ళు కడుతోంది. ఆవిణ్ణి చూసి నోరు తెరిచింది. "మీరు మనసు మార్చుకున్నారని మీ ఏజెంటే వచ్చి చెప్పాడే తల్లీ! మీరు పంపితేనే వచ్చానన్నాడు. తనే కొనుక్కున్నాడు. వాళ్ళమ్మకి ఊపిరాడదట, ఈ ఆస్పత్రిలోనే చూపిస్తున్నారట. సంతకాలు కూడా అయిపోయాయి." టీచరమ్మ మంచినీళ్ళు ఇవ్వబోయింది. సూదమ్మ తీసుకోలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. మేడమీది ఆఫీసులో ఈసారి గుమస్తా అడ్డు రాలేదు.

"కూర్చోండి మేడం" అన్నాడు ఖాయం. అక్క పోయి మేడం వచ్చింది.

"కొంటామన్నవాళ్ళకి అమ్ముడుపోయిందని ఎందుకు చెప్పావు?"

అతను పేపర్‌వెయిట్‌ని గాజుబల్ల మీద తిప్పాడు. కాసేపటికి ఆ మెత్తదనం మాటలోంచి జారిపోయింది. "మీ ఇల్లు అమ్ముడుపోతే ఆ ఫ్లాటు మీరు కొనేస్తారు. మా అమ్మకీ మీ ఆయన జబ్బే. అదే డాక్టరు, అదే మాట. పొడి ఇల్లు చూడమన్నాడు. మీరు చెప్పకపోతే అక్కడ ఫ్లాటుందనే నాకు తెలీదు. నా స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్ళు?"

"అడిగేదాన్ని" అంది ఆవిడ.

అతను పేపర్‌వెయిట్‌ని పక్కకి జరిపాడు. బోర్డు తీసేయమంటే ఒప్పందం సంవత్సరందాకా ఉందని గుర్తుచేశాడు.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన నవ్వబోయాడు, అది దగ్గయింది. దగ్గు ఆగాక, "నా ఊపిరి చిరునామా వాడికి నువ్వే రాసిచ్చావన్నమాట" అన్నాడు. అన్నవాడు వెంటనే నాలిక కరుచుకున్నాడు. ఆ సాయంత్రమంతా ఏదో ఒక హాస్యమాడుతూ ఆవిణ్ణి నవ్వించాలని చూశాడు. ఆవిడ నవ్వింది కూడా. కానీ ఆ మాట మాత్రం విరిగిన సూదిమొనలా లోపలే ఉండిపోయింది. ఎంత నేర్పుగల చెయ్యి అయినా దాన్ని బయటికి తీయలేకపోయింది.

బయట వానాకాలం మొదలైంది. లోపలి వాన కూడా దానితో పోటీ పడింది. ఒక తెల్లవారుజామున ఆయన పెదాలు నీలంగా మారాయి. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే టాక్సీ ఆ సందులోంచే వెళ్ళింది. ఫ్లాటు కిటికీకి కొత్త పరదాలు కట్టి ఉన్నాయి. ఆయన చూశాడు, ఆవిడా చూసింది. వారం తిరక్కుండా ఆయన పోయాడు.

అన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక పొద్దున్న అలవాటుగా వెనక గది తలుపు తీసింది. నేల పొడిగా ఉంది. గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. గోడ కూడా పొడే. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కుళాయి రాని రోజున పక్కింటావిడ బకెట్‌తో వచ్చి, "ఆగిపోయిందా వదినా?" అంది. "ఆగిపోయింది." పక్కింటావిడ ఖాళీ బకెట్‌తో తిరిగి వెళ్ళింది.

సూదమ్మ తలుపేసుకుని ఆ పొడినేల మీద కూలబడి వానని నోటికొచ్చినట్టు తిట్టింది. "ఇన్నేళ్ళు పడ్డావు. ఒక్క ఎండాకాలం ముందు పోవడానికి నీకేం రోగమొచ్చింది? ఇప్పుడు ఎవడికోసం ఆగావు?"

ఒప్పందం గడువు తీరాక బోర్డు విప్పి పొయ్యిలో పెట్టింది. వానలేని ఇల్లంటే ఎగబడి కొనేవాళ్ళున్నారు. కానీ ఇంక ఆవిడ ఎక్కడికి పోవాలి, దేనికి పోవాలి?

మళ్ళీ ఎండలు ముదిరాయి. మంచం దిగలేని రోగులకి ఇంటికి వెళ్ళి రక్తం తీసే పని ల్యాబులో వంతులవారీగా పడేది. ఆ రోజు ఆవిడ వంతు. చీటీ మీద చిరునామా చూసి, ఇంకెవరినైనా పంపమని అడగబోయింది. ఎందుకో అడగలేదు.

తలుపు తీసింది ఖాయమే. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది, చేతిలో గొడుగు. ఆవిణ్ణి చూసి పక్కకి తప్పుకున్నాడు. లోపల వాన పడుతోంది. ఆవిడింట్లో అయితే ఒక్క గదితో సరిపెట్టుకునేది. ఇక్కడ ముందు గది, వెనక గది, వంటిల్లు అన్న తేడా లేకుండా కురుస్తోంది. మంచానికి నాలుగు కర్రలు కట్టి పైన ప్లాస్టిక్ పట్టా వేశారు. మధ్యలో నీళ్ళు నిలిచి అది పొట్టలా వేలాడుతోంది. దాని కింద దిళ్ళకి ఆనుకుని కూర్చుని, భుజాలతో ఊపిరి లాగుతోంది ఒక ముసలమ్మ. ఆ కూర్చునే తీరు సూదమ్మకి కొత్త కాదు.

ఖాయం ఇద్దరి మీదా గొడుగు పట్టాడు. సూదమ్మ పట్టీ కట్టి, నరం వెతికి, రక్తం తీసింది.

"చీమ కుట్టినట్టు కూడా లేదే! చల్లటి చెయ్యి నీది" అంది ముసలమ్మ. ఆయాసపడి ఆగి, మళ్ళీ అంది. "ఈ ఇల్లు ఇంకెవరో కొనుక్కోవాల్సిందటమ్మా. పై అంతస్తావిడ చెప్పింది. వీణ్ణడిగితే నోరు విప్పడు. వాళ్ళ ఉసురు ఊరికే పోతుందా?"

"నువ్వు మాట్లాడకమ్మా, ఆయాసమొస్తుంది" అన్నాడు కొడుకు.

సూదమ్మ సీసా తుడిచి పెట్టెలో పెట్టుకుని బయటికి నడిచింది. అతను గొడుగుతో గుమ్మందాకా వచ్చాడు. గొడుగు మూయడం మర్చిపోయి ఎండలో కూడా పట్టుకునే ఉన్నాడు.

"అమ్మా..." అన్నాడు. ఈసారి అక్కా కాదు, మేడమూ కాదు. "మీ ఇంట్లో వాన ఆగిపోయిందని విన్నాను. మాకు అమ్మండి. మీరెంతంటే అంత."

"అమ్మను."

"అద్దెకైనా ఇవ్వండి. ఈ ఫ్లాటు ఎవరూ కొనడం లేదు. డాక్టరు చెప్పాడు, ఈ తడిలో అమ్మ..."

"నాకూ చెప్పాడు" అని ఆవిడ వెళ్ళిపోయింది.

బస్‌స్టాపులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చావనీ, అనుకుంది. మంచం పక్కన కూర్చుని వాడూ చూడనీ. మొదట పడుకోలేకపోవడం, తర్వాత తినలేకపోవడం, తర్వాత పెదాలు. నేను చూసినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా వాడూ చూడనీ. ఆ కోరిక తీరడానికి ఆవిడ వేలు కూడా కదపక్కర్లేదు. బస్సెక్కితే చాలు. ఎక్కింది కూడా. తర్వాతి స్టాపులో దిగిపోయింది. ఎందుకు దిగావంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పదు. జాలితో అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోదు.

వెనక్కి నడిచి వెళ్ళి, గుమ్మంలో నిలబడే చెప్పింది. "మీ అమ్మని తెచ్చి మా గేటు దగ్గర దింపు. లోపలికి నేను తీసుకెళ్తాను. నువ్వు మాత్రం నా గడప తొక్కడానికి వీల్లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అంతే. పోయిన రోజున కూడా అంతే."

అతను తల ఊపాడు.

ముసలమ్మ మంచం వెనక గదిలో వేశారు. ఇప్పుడు ఇల్లు మొత్తంలో అన్నిటికంటే పొడిగా ఉండేది అదే. కొన్నాళ్ళకి ఆవిడ భుజాలు కిందికి దిగాయి. పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. ఎదురుగోడ మీది ఫొటో ఎవరిదో పక్కింటావిడ నోట విన్న రోజున అన్నం ముట్టలేదు.

"నీ మొగుడు పీల్చాల్సిన గాలి నేను పీలుస్తున్నానా తల్లీ?"

"పీల్చండి పెద్దమ్మగారూ. వృథాగా పోవడమెందుకు?" అంటూ సూదమ్మ కంచం ఆవిడ ముందుకి జరిపింది.

ఖాయం మేడమీది ఆఫీసు మూసేశాడు. ఎంత ఎండలోనైనా నీళ్ళు కారే చొక్కాతో తిరిగే మనిషి దగ్గర ఇల్లెవరు కొంటారు? ఆదివారం ఆదివారం వచ్చి గేటు బయట నిలబడేవాడు. తల్లి ముందు గది కిటికీ దగ్గరికి వచ్చేది. కిటికీకీ గేటుకీ మధ్య నాలుగడుగులే. ఏం తిన్నావురా అని ఆవిడా, ఊపిరెలా ఉందని అతనూ అడిగేవాళ్ళు. అతను నిలబడ్డచోట ఎండిన రోడ్డు మీద చిన్న మడుగు కట్టేది.

ఒక ఆదివారం ముసలమ్మ దండెం మీది తువ్వాలు లాగి, కిటికీ ఊచల మధ్య నించి చెయ్యి చాపి గేటు మీదుగా విసిరింది. "తల తుడుచుకోరా" అంది. అతను తల తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, తువ్వాలు పిండి, మడిచి, తిరిగి అందించడానికి గేటు మీదుగా చెయ్యి చాపాడు.

సూదమ్మ వంటింట్లోంచి చూస్తూనే ఉంది. పాలగిన్నె దించి వచ్చి, ముసలమ్మ పక్కన నిలబడి కిటికీ రెక్క ఒకటి మూసింది.

"తీసుకోకండి పెద్దమ్మగారూ. ఆ తడి లోపలికి రావడానికి వీల్లేదు."